మాట తడబడిన చోటే భాష పట్టుబడుతుంది

హైదరాబాద్‌లో ఒక జర్మన్ క్లాసు ఊహించుకోండి. సాయంత్రం ఆరు గంటలు. ఇరవై మంది. సగానికి పైగా నర్సులే. నైట్ డ్యూటీ దిగి కాసేపు కునుకు తీసి వచ్చినవాళ్లు కొందరు, ఇక్కణ్నుంచే డ్యూటీకి పరుగెత్తాల్సినవాళ్లు కొందరు. వెనక బెంచీలో ముప్ఫై నాలుగేళ్ల స్టాఫ్ నర్సు. పదేళ్లుగా ఐసీయూలో పనిచేస్తోంది. డాక్టరు హడావుడిలో ఏదైనా గొణిగితే ‘సార్, డోసు మళ్లీ చెప్పండి’ అని ఆపి అడగగల మనిషి. టీచరు ఆవిడను ఏదో ప్రశ్న అడిగింది. సగమే అర్థమైంది. ఆవిడ నవ్వింది. తలూపింది. ‘యా, యా’ అంది. టీచరు పక్కవాళ్ల వైపు తిరిగింది. ఆవిడ హమ్మయ్య అనుకుంది.

పరువు దక్కింది. పాఠం పోయింది.

ముప్ఫై దాటాక కొత్త భాష క్లాసులో కూర్చున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఈ నవ్వు నవ్వినవాళ్లే. ముస్సోరీ అకాడమీలో తెలుగు దిద్దుకునే ఐఏఎస్ ప్రొబేషనర్, ప్రమోషన్ కోసం స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరిన అకౌంటెంట్, డల్లాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లి అక్కడ ఇంగ్లిష్ క్లాసులో చేరిన అమ్మమ్మ... వీళ్లందరికీ వ్యాకరణం కన్నా ముందు అడ్డుపడేది మొహమాటం.

అందుకే ముందే ఒక మాట. క్లాసులో మీరు నవ్వు చాటున దాచేసే ‘అర్థం కాలేదు’ అన్న మాటే మీకు భాష నేర్పే మాట. దాన్ని పైకి అనడం అలవాటైతే సగం దూరం వచ్చేసినట్టే.

బుర్ర తుప్పు పట్టలేదు, నోరు బిగుసుకుంది

‘చిన్నపిల్లలైతే ఇట్టే పట్టేస్తారు, మా వయసులో ఎక్కడొస్తుందండీ’ అన్న పాట ముందు ఆపేయండి. నెదర్లాండ్స్‌కు వెళ్లిన ఇంగ్లిష్ మాట్లాడే కుటుంబాలు డచ్ ఎలా నేర్చుకుంటున్నాయో కేథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్-హోలె పరిశీలించి 1978లో ప్రచురించారు. మొదటి నెలల్లో ముందు నడిచింది టీనేజీ పిల్లలు, పెద్దవాళ్లు. అందరికన్నా వెనక ఉన్నది బుడతలే. యాస విషయంలో, ఏళ్లు గడిచేకొద్దీ, చిన్నప్పుడే మొదలుపెట్టిన వాళ్లదే పైచేయి. అది నిజమే. కానీ మొదలుపెట్టడానికి మీ వయసు అడ్డు కాదు.

పైగా మీ దగ్గర పిల్లలకు లేని పనిముట్టు ఒకటుంది. పోల్చి చూడగలరు. జర్మన్‌లో ‘ఎందుకంటే’ అని మొదలుపెడితే క్రియ వాక్యం చివరికి వెళ్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు దాంతో తంటాలు పడతారు. వాక్యాన్ని క్రియతో ముగించడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. పెద్దవాళ్లను ‘జీ’ అనాలి, దగ్గరివాళ్లను ‘డూ’ అనాలి అంటే, మీరు–నువ్వు తేడా తెలిసిన మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మరి ఎక్కడ దెబ్బతింటున్నాం? పిల్లాడికి పోవడానికి పరువు లేదు. మనకుంది. ఇంట్లో పెద్దకోడలు, ఆఫీసులో సీనియర్, వార్డులో ఇన్‌చార్జి. అంతటి మనిషి క్లాసులో ‘నా పేరు... నాకు ఇద్దరు పిల్లలు...’ అని ఒకటో తరగతిలా పలకాలి. అక్కడే నోరు బిగుసుకుంటుంది. జూనియర్ల ముందు తప్పు మాట్లాడటం కన్నా మౌనమే గౌరవంగా తోస్తుంది. భాష క్లాసులో అంతకన్నా ఖరీదైన గౌరవం ఇంకోటి లేదు.

మాట ఇరుక్కుంటేనే మెదడు మేలుకుంటుంది

ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకచోట మాట ఇరుక్కుంటుంది. ‘ఏమన్నారు?’ అంటాం. అవతలివాళ్లు నెమ్మదిగా చెబుతారు, తేలిక మాటల్లో చెబుతారు, చేత్తో చూపిస్తారు. ‘ఓహో, అదా!’ అంటాం. భాషాబోధన పరిశోధకుడు మైకేల్ లాంగ్ 1980ల నుంచీ చెబుతూ వచ్చింది దీని గురించే. అర్థం కోసం జరిగే ఈ బేరసారమే భాష నేర్చుకోవడానికి గట్టి ఊతం అన్నాడాయన.

ఒక ఉదాహరణ. క్లాసులో మీ జోడీ రోగి వేషం వేసింది. ‘మియర్ ఇస్ట్ ష్విండ్లిష్’ అంది. మీకు చివరి మాట తెలీదు. యా యా అని తలూపితే కథ అక్కడితో సరి. ‘ష్విండ్లిష్? అంటే?’ అని అడిగితే ఆవిడ ‘ఆలెస్ డ్రేట్ జిష్’ అని చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పుతుంది. అన్నీ తిరుగుతున్నాయి... అంటే కళ్లు తిరుగుతున్నాయన్నమాట! ఇక ఆ మాట మీరు మర్చిపోవడం కష్టం. మీకు సరిగ్గా అవసరమైన క్షణంలో, మీ చెవి దాని కోసమే నిక్కపొడుచుకుని ఉన్నప్పుడు వచ్చి పడింది కాబట్టి. మాటల జాబితాలో ముప్ఫై ఏడో మాటగా చదివితే ఇంత గట్టిగా నిలవదు.

మరి వింటూ ఉంటే చాలదా? చాలదని కెనడా అనుభవం చెబుతుంది. అక్కడ ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు బడిలో పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్పే పద్ధతి ఉంది. ఏళ్ల తరబడి ఫ్రెంచ్ విన్నారు, బాగా అర్థం చేసుకున్నారు. మాట్లాడబోతే మాత్రం వ్యాకరణం కుంటుతూనే ఉంది. దీన్ని పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో ఒక కారణం చూపించింది. ఆ పిల్లలకు తమంతట తాము వాక్యం కట్టుకోవాల్సిన అవసరం క్లాసులో తగినంతగా రాలేదు. వినేటప్పుడు ఊహతో నెట్టుకురావచ్చు. మాట్లాడేటప్పుడు విభక్తి, కాలం, పదాల వరస అన్నీ మీరే తేల్చుకోవాలి. మీకు ఏది రాదో మీకు తెలిసేది అప్పుడే.

ఈ లెక్క చూడండి

గంట క్లాసు. ఇరవై మంది. టీచరు నలభై నిమిషాలు మాట్లాడితే మిగిలేది ఇరవై నిమిషాలు. ఒక్కొక్కరుగా లేచి మాట్లాడితే మీ వాటా ఒక్క నిమిషం. అదే ఇరవై నిమిషాలు పది జోడీలుగా మాట్లాడుకుంటే మీ వాటా పది నిమిషాలు. ఫీజు అదే, గది అదే, టీచరూ అదే. పక్కనున్న మనిషి వైపు తిరిగినందుకు పది రెట్లు!

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటి. ‘ఆవిడకూ రాదు, నాకూ రాదు. ఆవిడ తప్పులు నాకు అంటుకోవా?’ ఆవిడ దగ్గర మీరు వెతకాల్సింది తప్పుల్లేని భాష కాదు, అది టీచరు దగ్గరా ఆడియోలోనూ దొరుకుతుంది. టీచరు ముందు అడగలేని ప్రశ్న ఆవిడను అడగగలరు. మీ వాక్యం అర్థంకాకపోతే ఆవిడ ముఖంలో వెంటనే తెలిసిపోతుంది. ఆ ముఖమే మీకు అద్దం.

పరీక్షలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చిన ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయుల చట్రంలో ‘మాట్లాడటం’ ఒకటి కాదు, రెండు. ఒంటరిగా చెప్పడం వేరు, ఎదుటివారితో కలిసి సంభాషించడం వేరు. గోథె ఇన్‌స్టిట్యూట్ బీ1 పరీక్షలో మౌఖిక భాగం మామూలుగా జోడీగా జరుగుతుంది. మొదటి పని ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయడం. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ2 దాకా వెళ్లాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తున్నదీ ఈ మెట్లు ఎక్కించడానికే. పక్కవాళ్లతో మాట్లాడకుండా ఈ మెట్లు ఎక్కడం కష్టం.

రేపటి నుంచి ఈ ఆరు పనులు

1. గండం గట్టెక్కించే ఐదు మాటలు ముందు పట్టండి. ‘వీ బిట్టె?’ అంటే ఏమన్నారు? ‘నోఖ్ ఐన్‌మాల్, బిట్టె’ అంటే ఇంకోసారి చెప్పండి. ‘లాంగ్‌జామర్, బిట్టె’ అంటే కాస్త నెమ్మదిగా. ‘వాస్ బెడోయిటెట్ డాస్?’ అంటే దానర్థం ఏమిటి? ‘మైనెన్ జీ...?’ అంటే మీరనేది ఫలానాదా? ఏ భాషైనా మొదటి వారం ఈ ఐదూ నోటికి రావాలి. రంగుల పేర్లు, పండ్ల పేర్లు ఆ తర్వాత. ఈ ఐదు చేతిలో ఉంటే సంభాషణ తెగిపోదు, తెలుగులోకో ఇంగ్లిష్‌లోకో జారిపోదు.

2. అర్థమైందనుకున్నది తిరిగి చెప్పండి. ‘అర్థమైందా?’ అంటే ‘ఆఁ’ అనడం ఎవరికైనా వచ్చు. ‘అంటే మీరు శనివారం రాలేరు, ఆదివారం వస్తారు, అంతేనా?’ అని తిరిగి చెప్పడంలోనే అసలు పరీక్ష ఉంది. మీ అర్థం సరైనదో కాదో తేలుతుంది. పైగా విన్న వాక్యాన్ని మీ నోటితో మళ్లీ కట్టినట్టవుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

3. సగం కాగితం ఆట ఆడండి. జోడీలో ఇద్దరికీ ఒకే కాగితం ఇస్తే ఇద్దరూ మౌనంగా నింపేస్తారు. సగం మీ దగ్గర, సగం అవతలివాళ్ల దగ్గర ఉంటే నోరు విప్పక తప్పదు. ఉదాహరణకు ఒక వారం డ్యూటీ చార్టు. మీ కాగితంలో సోమ, బుధ, శుక్ర. ఆవిడ కాగితంలో మిగతా రోజులు. చూపించుకోకూడదు. అడిగి నింపాలి. అప్పుడు బయటపడతాయి అసలు చిక్కులు. జర్మన్‌లో ‘హాల్ప్ డ్రై’ అంటారు. మాటకు మాట తీసుకుంటే ‘అర మూడు’. మనకు మూడున్నరలా వినిపిస్తుంది. కానీ అది రెండున్నర! మూడు వైపు సగం దూరం వెళ్లిందని వాళ్ల లెక్క. అంకెలూ అంతే. ఇరవై ఐదును ‘ఐదూ ఇరవై’ అన్న వరసలో పలుకుతారు. తొందరలో విన్న చెవికి అది యాభై రెండైపోతుంది. ఈ పొరపాటు క్లాసులో జరిగితే అందరూ నవ్వుకుంటారు. మందు డోసు దగ్గర జరిగితే? అందుకే పొరపాట్లన్నీ ఇక్కడే చేసెయ్యాలి.

4. పక్కసీటు మార్చండి. పెద్దవాళ్లం మొదటిరోజు కూర్చున్న కుర్చీని ఆస్తిలా కాపాడుకుంటాం. రోజూ ఒకరితోనే మాట్లాడితే నెల తిరిగేసరికి ఇద్దరూ సగం వాక్యాలతో నెట్టుకొచ్చేస్తారు. కొత్త గొంతు, కొత్త వేగం చెవికి కసరత్తు. మీకన్నా తక్కువ వచ్చినవాళ్లతో కూర్చుంటే నష్టమేం లేదు. అవతలివాళ్లకు విడమరచి చెప్పబోతేనే మనకు ఎక్కడ తెలీదో బయటపడుతుంది. ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. ఇరవై రెండేళ్ల తమ్ముడు తప్పు దిద్దితే కోపం తెచ్చుకోకూడదు. యాభై ఏళ్ల అక్కయ్య తడబడితే నవ్వకూడదు.

5. మూడు సెకన్లు ఓపిక పట్టండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసులను గమనించింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, అంతదాకా నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. మాతృభాషలో జవాబుకే అంత వ్యవధి కావాలంటే, పరాయి భాషలో ఇంకెంత కావాలి? అందుకే జోడీ ఆలోచిస్తుంటే మాట అందించకండి. టీచరు మీ వంక చూస్తుంటే కంగారుగా ‘తెలీదు మేడమ్’ అనకండి. ‘ఒక్క నిమిషం, బిట్టె’ అనండి. అడిగితే వ్యవధి ఇవ్వని టీచరు అరుదు.

6. దిద్దుబాటును జారిపోనివ్వకండి. మీరు తప్పు వాక్యం చెబుతారు. టీచరు మిమ్మల్ని నొప్పించకుండా దాన్నే సరిచేసి పలికి ముందుకెళ్తుంది. మీరు ‘అవును’ అని తలూపుతారు. మాంట్రియల్ ప్రాంతంలో ఫ్రెంచ్ క్లాసులను పరిశీలించి రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో ప్రచురించిన వ్యాసంలో టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ రకమే. అయినా వాటికి విద్యార్థులు ఏదో ఒక రకంగా స్పందించింది మూడింట ఒక వంతు సార్లు కూడా లేదు. మిగతావి గాలికి పోయినట్టే. అదే టీచరు వాక్యం సగంలో ఆపి ‘...ఇక్కడ ఏమనాలి?’ అని మళ్లీ వాళ్లనే అడిగినప్పుడు ప్రతిసారీ స్పందన వచ్చింది. కాబట్టి టీచరుకు ముందే చెప్పుకోండి: ‘మేడమ్, నా తప్పు మీరు చెప్పేయకండి, ఎక్కడుందో చూపించండి చాలు.’ సరిచేసిన వాక్యాన్ని అక్కడికక్కడే ఒకసారి పైకి పలకండి. క్లాసు అయ్యాక ఆరోజు తప్పుల్లో మూడే మూడు రాసుకోండి. ముప్ఫై రాసుకుంటే మళ్లీ తెరవరు.

మన బతుకు మాటైతే నోరు దానంతటదే తెరుచుకుంటుంది

పెద్దవాళ్ల క్లాసులో మాట ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి పరదేశం పోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట చాలు. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యత కేంద్రాలకు పగలంతా కష్టం చేసిన ఆడవాళ్లు రాత్రిపూట వచ్చేవారు. వాళ్లు నేర్చుకున్నది కొత్త భాష కాదు, తమ భాషకే అక్షరాలు. కానీ వాచకంలో సారాతో చితికిపోయిన సంసారం కథ ఉంది. ఆ కథ తమ ఇంటిదే. ఇక పాఠం పలకకే పరిమితం కాలేదు, చర్చైంది. చర్చ కాస్తా సారా దుకాణం ముందుకు నడిచింది. 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాపై నిషేధం వచ్చింది.

ఇందులో మనకున్న పాఠం తేలికైనదే. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ అనే వాక్యంతో పెద్దవాళ్లకు పని లేదు. తమకు పట్టిన విషయమైతే తడబడుతూనైనా మాట్లాడతారు. నర్సులైతే షిఫ్టు మారేటప్పుడు పేషెంట్‌ను ఒప్పజెప్పే సంభాషణ తీసుకోండి. అకౌంటెంట్ అయితే బాకీ వసూలు చేసే ఫోను కాల్. డల్లాస్ అమ్మమ్మ అయితే ఫార్మసీ కౌంటరు దగ్గర మాటలు. టీచరు ఇవ్వకపోతే మీరే అడగండి: ‘మేడమ్, ఈ వారం జోడీ పని మా డ్యూటీ గురించి పెట్టండి.’ అడగనిదే అమ్మైనా పెట్టదు కదా!

టీచర్లకు నాలుగు మాటలు

మీ క్లాసులో ఉన్నది పిల్లలు కాదు. నిలబెట్టి అడిగితే పెద్దవాళ్ల నోరు మూతపడుతుంది. ముందు ఒక్కొక్కరినీ విడిగా ఆలోచించుకోనివ్వండి, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడనివ్వండి, ఆ తర్వాతే అందరి ముందు చెప్పమనండి. రిహార్సల్ అయిన మాటకు భయం తక్కువ.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్న మానేయండి. దానికి వచ్చే ‘యస్ మేడమ్’ను నమ్ముకుంటే పరీక్ష రోజున ఇద్దరూ కంగుతింటారు. ‘ఇప్పుడు ఏం చేయాలో మీ జోడీకి చెప్పండి’ అనండి.

తెలుగును గెంటేయకండి. పని ఎలా చేయాలో ఒక ముక్క తెలుగులో చెబితే పది నిమిషాలు మిగులుతాయి. పని మొదలయ్యాక మాత్రం కొత్త భాషే.

అన్నిటికన్నా ముఖ్యం, క్లాసులో ఎవరు ‘నాకు అర్థం కాలేదు’ అన్నా మొదట మెచ్చుకోండి. ఆ ఒక్కరు అడిగింది మరో ఏడుగురి సందేహం కూడా అయివుంటుంది.

ఆవిడకు లేని ధైర్యమా?

వెనక బెంచీ నర్సు దగ్గరికి మళ్లీ వెళ్దాం. రాత్రి రెండింటికి డాక్టరు ఫోన్లో ఆర్డరు చెబితే ఆవిడ ఏం చేస్తుంది? రాసుకుంటుంది. రాసుకున్నది తిరిగి చదివి వినిపిస్తుంది. ‘కరెక్టేనా డాక్టర్?’ అని ఖాయం చేసుకుంటుంది. అనుమానం ఉంటే అంకెను విడదీసి అడుగుతుంది. మళ్లీ అడిగినందుకు ఆవిడకు నామోషీ ఉండదు. అడక్కపోవడమే తప్పని ఉద్యోగం మొదటి ఏడాదే నేర్చుకుంది.

అంటే భాష క్లాసుకు కావాల్సిన అలవాటు ఆవిడకు పదేళ్లుగా ఉంది. వార్డులో వదిలేసి వస్తోంది, అంతే. రేపు జర్మనీలో ఆవిడ ముందు ఒక పెద్దాయన మంచం అంచున కూర్చుని ‘ష్విండ్లిష్’ అంటాడు. అప్పుడు ‘యా, యా’ అంటే ఆయన లేచి నడవబోయి పడిపోతాడు.

మీ ఉద్యోగంలోనూ ఇలాంటి అలవాటు ఒకటి ఉండే ఉంటుంది. టైలరు కొలత రెండుసార్లు చూసుకుంటాడు. బ్యాంకు క్యాషియరు నోట్లు మళ్లీ లెక్కపెడతాడు. డ్రైవరు ‘కుడివైపేనా సార్?’ అని ఖాయం చేసుకుంటాడు. దాన్నే క్లాసుకు తెచ్చుకోండి.

ఇదీ ఇంటిపని. రేపు నోటుబుక్కు మొదటి పేజీ మూలన ఒక గడి గీయండి. క్లాసులో ‘ఏమన్నారు? మళ్లీ చెప్పండి’ అన్న ప్రతిసారీ అందులో ఒక గీత పెట్టండి. రోజుకు కనీసం మూడు. వారం చివర లెక్కపెట్టండి. గీత పడని రోజు మీరు క్లాసుకు వెళ్లలేదని రాసుకోండి.